మనిషి చేతికి సాధ్యం కాని కుట్టు

మా అత్తగారు చేత్తో కుట్టిన బొంతలు చేత్తో కుట్టినవి కావని ఒక యంత్రం తేల్చింది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, ఆ మాట పట్టుకుని అమ్మకాల యాప్ వాళ్లు మా దుకాణం మీదున్న ‘చేతిపని’ గుర్తు పీకేశారు. ఆ గుర్తు పోయిందంటే ఇక మా బొంతలు వెతికినవాళ్లకి కూడా కనపడవు. మూడుసార్లు రుజువు చూపించుకోవచ్చట, మూడోసారీ తప్పితే దుకాణమే తీసేస్తారట. ఆ దుకాణం తప్ప నాకింకో పని లేదు.

నేను అంతకుముందు ప్రింటింగ్ ప్రెస్‌లో ఉండేవాణ్ణి. జనం కార్డులూ బిల్లులూ అన్నీ ఫోన్లలోనే పంపుకోవడం మొదలెట్టాక ప్రెస్ మూతపడింది. నా అన్నం లాక్కున్న ఆ ఇంటర్నెట్‌నే అన్నం పెట్టమని అడుక్కోవాల్సొచ్చింది, ఏం చేస్తాం! మా ఆవిడ బడిలో గుమాస్తా. అత్తగారు మాతో ఉంటారని చెప్పుకుంటాను గానీ, ఇల్లు ఆవిడది, మేమే ఆవిడతో ఉంటున్నాం. ఇల్లరికపు అల్లుడికి కోపం రాకూడదు. నాకు వస్తుంది. వచ్చినప్పుడల్లా పెరట్లోకెళ్లి బకెట్‌ని తన్ని వస్తాను.

ఈ వ్యాపారం మొదలెట్టినప్పుడు ఎంత సుఖంగా ఉండేదో! బొంత ఫొటో తీసి తెలిసినవాళ్లకి పంపితే వాళ్లు ఇంకొకళ్లకి పంపేవాళ్లు, అంతే. తర్వాత పేజీ ఉండాలన్నారు, పెట్టాను. పేజీలు ఇప్పుడెవరు చూస్తున్నారు, వీడియోలు పెట్టమన్నారు. అదీ పెట్టాను. పాట లేదే అన్నారు. నేను బొంత కప్పుకుని గిరగిరా తిరిగిన వీడియో ఒకటుంది, దాన్ని చూసినప్పట్నుంచి మా ఆవిడ బళ్లో టీచర్లు నన్ను చూస్తే మొహం తిప్పుకుని నవ్వుతారు. సరే, తిరిగాం కదా, అయిపోయిందనుకుంటే యాప్‌లోకి రమ్మన్నారు. అందులో కొనేవాడు అడిగిన వెంటనే జవాబివ్వకపోతే దుకాణాన్ని కిందికి తోసేస్తారు. స్నానానికి కూడా ఫోన్ పట్టుకెళ్లాను నేను! ఒళ్లంతా సబ్బుతో ‘నీలం రంగుది ఉందండీ’ అని రాశాను.

ఈలోగా ఎక్కడివాళ్లో మిషన్ మీద గుట్టలు గుట్టలుగా బొంతలు కుట్టించి, కంప్యూటర్ చేత ఓ ముసలావిడ బొమ్మ చేయించి, ‘మా బామ్మ చేతిపని’ అని అమ్మడం మొదలెట్టారు. ఆ బామ్మకి ఒక చేతికి ఆరువేళ్లు. వాళ్లని పట్టుకోవడానికే యాప్ వాళ్లు ఆ యంత్రాన్ని కాపలా పెట్టారు. అది ఆరువేళ్ల బామ్మని వదిలేసి అయిదువేళ్ల మా అత్తగారిని పట్టుకుంది.

మొదటి రుజువుగా బీరువాలో ఉన్న బొంతల్ని దగ్గర్నుంచి ఫొటోలు తీసి పంపాను. చాలవన్నారు. రెండోసారి, కిందటేడు అత్తగారు కుడుతున్నప్పుడు తీసిన వీడియో పంపాను. దానికి జవాబొచ్చింది: ‘కుట్ల మధ్య దూరం మనిషి చేతికి సాధ్యం కానంత సమానంగా ఉంది. తిరస్కరించడమైనది.’

కోపం పట్టలేక ఆ ముక్క పైకే చదివాను. అత్తగారు పప్పు ఏరుతున్నారు. చేట పక్కన పెట్టి, ‘‘బాబూ, మళ్లీ చదవండి,’’ అన్నారు.

చదివాను.

‘‘అంటే తిట్టారా, పొగిడారా?’’

‘‘తిట్టారు అత్తయ్యా! మనల్ని దొంగలంటున్నారు.’’

‘‘మనిషి చేతికి సాధ్యం కాదన్నారుగా,’’ అని ఆవిడ ముసిముసిగా నవ్వుకున్నారు. సాయంత్రానికి వీధి వీధంతా ఆ మాట తెలిసిపోయింది. ఎదురింటావిడైతే వచ్చి అభినందనలు చెప్పి వెళ్లింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఇదే. బకెట్‌కి చిల్లు పడింది.

యాప్‌లో సాయం చేయడానికి ‘నేస్తం’ అని ఒకటుంది. అదీ యంత్రమే. ‘మా అత్తగారు నిజంగా ఉన్నారు, పక్కగదిలో ఉన్నారు’ అని రాశాను. ‘మీ ఆవేదన నాకర్థమైంది. మీ అత్తగారిని తిరిగి ఇవ్వాలనుకుంటున్నారా, మార్చుకోవాలనుకుంటున్నారా?’ అని అడిగింది. మా ఆవిడ పడీపడీ నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. మనిషితో మాట్లాడాలి, మనిషి కావాలి అని ఎన్ని రకాలుగా రాసినా, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఇక మిగిలింది మూడోసారి. ఉత్త గుడ్డ దగ్గర్నుంచి ఆఖరి ముడి వరకూ కుట్టే మనిషి ముఖం, చేతులు కనిపించేలా వీడియో తీసి గడువులోగా పంపాలి. ఆ పూర్తయిన బొంత ఫొటోలు యాప్ వాళ్ల కొరియర్ మనిషి వచ్చి, తనే తీసుకుంటాడు. అత్తగారేమో కొన్ని నెలలుగా కొత్త బొంత మొదలుపెట్టలేదు. అడిగినప్పుడల్లా ‘‘ఉన్నవి అమ్ముడుపోనివ్వండి బాబూ’’ అని తప్పించుకుంటున్నారు. ఇప్పుడు వేరే దారి లేదు.

నేనే మర్యాదగా మొదలెట్టాను. ‘‘అత్తయ్యా, ఈ ఒక్కదానికి కాస్త... అక్కడక్కడ... వంకరగా కుడితే...’’

‘‘ఏంటీ?’’

‘‘రెండు వరసలు చాలు. యంత్రం నమ్మాలి కదా.’’

‘‘వంకరగా కుట్టడానికి నేనెందుకు బాబూ, మీరున్నారుగా!’’

‘‘నేను కుట్టి పెడతాను, మీరు సూది పట్టుకుని కూర్చోండి, చాలు.’’

‘‘మీ కుట్టుకి నా ముఖం పెడతారా!’’ అని ఆవిడ లేచి వెళ్లిపోయారు. ఆ రోజు నా కంచంలో కూర తక్కువ పడింది.

మా ఆవిడని పంపాను. ‘‘అమ్మా, ఆయన బతుకు దాని మీదే ఉందే, కాస్త పట్టూ విడుపూ ఉండాలమ్మా,’’ అని అది బతిమాలింది. లోపల్నుంచి అత్తగారి మాట నాకు స్పష్టంగా వినపడింది. ‘‘నాకు తెలిసిన పని ఇదొక్కటే. దాన్ని కూడా చెడగొట్టుకోమంటే ఎలాగే?’’ మా ఆవిడ బయటికొచ్చి చేతులెత్తేసింది.

మర్నాడు అత్తగారే పిలిచారు. ‘‘కిటికీ తలుపులు బార్లా తీయండి. సూదుల్లో దారాలు ఎక్కించి వరసగా గుచ్చిపెట్టండి. ఫోన్ కుర్చీకి కట్టేసి మీరు బయటికెళ్లండి. మీరు ఎదురుగా ఉంటే నాకు చెయ్యి ఆడదు.’’ రోజూ అదే వరస. పొద్దున కూర్చునేవారు, వెలుతురు తగ్గితే లేచి గుడ్డ మడిచి దిండుకింద పెట్టేసుకునేవారు. నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. వీడియోలో చూద్దామన్నా ఆవిడ ముఖం, కదిలే చేతులే తప్ప కుట్లు ఆనేవి కావు. గడువు ఆఖరిరోజున, మడిచిన బొంత అలాగే కొరియర్ మనిషి చేతిలో పెట్టారు. అతను వరండాలో పరిచి, ఫొటోలు తీసుకుని, మళ్లీ చుట్టచుట్టి గుమ్మంలో పెట్టేసి వెళ్లాడు. నేను అప్పుడు లోపల వీడియో పంపడానికి సిగ్నల్ కోసం స్టూలెక్కి నిలబడ్డాను. మా ఆవిడతో, ‘‘దుకాణం పోయినట్టే. స్కేలు పెట్టినట్టు కుట్టి ఉంటారు మీ అమ్మ,’’ అన్నాను.

మూడోరోజు ఫోన్ టింగుమంది. ‘మీ కుట్లలో చేతిపనికి సహజమైన హెచ్చుతగ్గులు గుర్తించాం. అభినందనలు! మీ గుర్తు తిరిగి ఇవ్వడమైనది.’

హెచ్చుతగ్గులా! గబగబా బొంత తెచ్చి మంచం మీద పరిచాను. మొదటి వరస జానెడు దూరం బాగానే వెళ్లి కిందికి జారిపోయింది. రెండోది పైకెక్కి దాన్ని దాటేసింది. మూల దగ్గర మూడు వరసలు ఒకదాని మీదొకటి పడ్డాయి. ఒకచోట కుట్టు వేలంత పొడుగు, పక్కనే చీమతలంత. అబ్బ, నా కళ్లమ్మట నీళ్లొచ్చాయి సంతోషంతో! మా ఇంటి కోసం, పరాయి పిల్లాణ్ణయిన నా కోసం, ఆ మహాతల్లి తన పంతాన్ని వదిలేసుకుంది. నేనేమో కూర తక్కువ వేసిందని సణుక్కున్నాను. కాళ్లకి దండం పెడదామని బొంత భుజాన వేసుకుని పరిగెత్తాను.

అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. ‘‘ఏమైంది బాబూ?’’

‘‘ఒప్పుకున్నారు అత్తయ్యా! గుర్తు ఇచ్చేశారు!’’

‘‘చూశారా మరి!’’ ఆవిడ ముఖం వెలిగిపోయింది. ‘‘వంకరగా కుట్టు, వంకరగా కుట్టు అని మీరిద్దరూ నా ప్రాణం తీశారు. ఒక్క కుట్టు పక్కకి పోనివ్వలేదు నేను. ఎప్పట్లాగే కుట్టాను. నిజానికి ఇది పాతవాటికంటే బాగా కుదిరింది.’’ నా భుజం మీదున్న బొంతని లాక్కుని, కిటికీ వెలుతురులో ఎత్తిపట్టి, వంకరటింకర వరసల్ని తృప్తిగా చూసుకున్నారు. ‘‘ఎంత తిన్నగా ఉందో చూడండి.’’

నా చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది. ఆగిపోయిన ఆర్డర్లన్నీ ఒక్కసారిగా వచ్చిపడుతున్నాయి. పైనున్నదాన్లో ఎవరో రాశారు: ఫొటోలో ఉన్నట్టే కావాలండీ, ఆ సన్నటి సమానమైన కుట్టుతో.

‘‘తిన్నగా ఉంది కదూ?’’ అత్తగారు మళ్లీ అడిగారు.

‘‘ఉందత్తయ్యా. చాలా తిన్నగా ఉంది.’’

‘‘మరి ఆ గొంతేంటి బాబూ, ఏడుస్తున్నారా? దుకాణం నిలబడిందిగా!’’

‘‘అందుకే అత్తయ్యా,’’ అన్నాను.