కరెంటు పిట్టల కచేరీ

రామకోటేశ్వరరావు చెప్పే మాటల్లో సగం తీసేసి, మిగిలినదాంట్లో మళ్ళీ సగం కాలవలో కలిపేసి, అప్పుడు గానీ ఉయ్యూరులో ఎవరూ వాటిని ఇంటికి పట్టుకెళ్ళరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే ఏదైనా నాలుగింతలు చేసి చెబుతాడు. అంతా పోయాక అసలు సరుకు మిగలాలి గదా.

ఆయన కథలన్నీ నాటకాల చుట్టూ తిరుగుతాయి. చిన్నప్పుడు చల్లపల్లిలో ఒక నటుడు పద్యం చివర రాగం తీస్తే అది పందిరి దాటి వెళ్ళి తాటిచెట్టెక్కి కూర్చుందట. ఎంత బతిమాలినా దిగలేదట. తెల్లారి కల్లు గీసే మనిషి పైకెక్కి, దాన్ని ముంతలో పెట్టుకుని పదిలంగా దించితే, ఊళ్ళో వాళ్ళంతా వరసలో నిలబడి ముంత చెవి దగ్గర పెట్టుకుని విన్నారట. ఇంకో ఊళ్ళో జనం వన్స్ మోర్ కొట్టీ కొట్టీ, శనివారం మొదలైన నాటకంలో రాజు అడవికి బయల్దేరేసరికి సోమవారం పాలవాళ్ళు వచ్చేశారట. ఈ రెండోది మరీ అబద్ధం కాదు. పద్యం బాగుంటే జనం లేచి వన్స్ మోర్ అని అరుస్తారు. నటుడు కథను అక్కడికక్కడ ఆపి, చచ్చి పడున్నవాడైనా సరే లేచి దుమ్ము దులుపుకుని, ఆ పద్యం మళ్ళీ అందుకుంటాడు. ఈ జిల్లాలో అది మర్యాద.

మనవరాలు సింధూరి ఒక్కతే ఆ మాటల్లోంచి ఏమీ తీసెయ్యకుండా వినేది. కాలేజీకెళ్ళే పిల్లయినా ముంత కథ మళ్ళీ చెప్పమనేది. ఎప్పుడూ ఏదో ఒకటి పాడుకుంటూ తిరిగేది. ఆ పిల్ల ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, పాట ఎటునుంచి వస్తే అటు ఉన్నట్టు. దసరా వెళ్ళాక ఆ పాట ఆగిపోయింది. ఇంట్లో అన్నాళ్ళూ ఒక గోడగడియారం ఉందనీ, అది కొట్టుకుంటోందనీ అప్పుడు తెలిసింది ఆయనకు.

"దిష్టండీ. ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేస్తే కాస్తయినా ఘాటు రాలేదు. అంత దిష్టి," అంది ఆయన భార్య రామతులసి.

"నేనిక్కడ దగ్గలేక చస్తుంటే ఘాటు రాలేదంటావేంటే."

దిష్టి కాదు. కరెంటు పిట్టలు. అది హైదరాబాదు కుర్రాళ్ళ బ్యాండు పేరు. వాళ్ళ పాట ఒకటుంది, 'ఏటికి అవతల ఎవరో దీపం పెట్టారు' అని. 'అవతల' అన్నచోట పాడేవాడి గొంతు పైకి, ఇంకా పైకి వెళ్ళి, ఊపిరితో పని లేనట్టు అక్కడే నిలబడుతుంది. సింధూరి ఆ పాట ఫోన్లో పెట్టుకుని, వెంటనే తను పాడి రికార్డు చేసుకుని, రెండూ పక్కపక్కన పెట్టి వినేది. అతనిది ఎప్పుడు విన్నా ఒకేలా. తనది ఎన్నిసార్లు పాడితే అన్ని రకాలు, పైకెళ్ళేసరికి పగిలిపోయేది. అట్లా విని విని, ఒకరోజు ఆ పాటనే కాదు, మొత్తం పాడటమే మానేసింది.

మాఘమాసంలో ఆ బ్యాండు విజయవాడ వస్తోందని తెలిసింది. ఆ రోజు సింధూరి తాతగారి మంచం అంచున కూర్చుంది.

"ఎదురుగా నిలబడి ఒక్కసారి చూస్తాను తాతయ్యా. అక్కడ ఊపిరి ఎట్లా పడుతున్నాడో, నోరు ఎట్లా పెడుతున్నాడో. చూశాక కూడా నాకు రాకపోతే నాకు గొంతు లేదనే. ఇక పాట జోలికి పోను."

మామూలుగా చెప్పింది. కూర వండటం రాదు, ఇక వండను అన్నట్టు. ఆ మామూలుతనానికే ముసలాయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

తోడు వస్తానన్న స్నేహితురాలు క్రిస్టినాకు కచేరీ ముందురోజే జ్వరం తగిలింది. ఒక్కదాన్నే పంపనన్నాడు తండ్రి. ముసలాయన ఇస్త్రీ పంచె తీసుకురమ్మన్నాడు.

"నువ్వక్కడ నోరు మూసుకుని ఉంటావా?" అంది సింధూరి.

"మూసుకునే వెళ్తా, మూసుకునే వస్తా. ఊపిరి ముక్కుతో పీలుస్తా. ఇంకేం కావాలి."

ఆదివారం మధ్యాహ్నం సింధూరి కారు తీసింది. దారి పొడుగునా చెరుకు బళ్ళు, ట్రాక్టర్లు. కారు అద్దాలు ఎక్కించినా బెల్లప్పాకం వాసన లోపలికి వచ్చి కూర్చుంది. ముసలాయన కూనిరాగం తియ్యబోయి, పిల్ల మొహం చూసి మానుకున్నాడు.

కచేరీ భవానీపురం వైపు, ఏటి ఒడ్డున. వాళ్ళు వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. నీళ్ళ మీద సన్నగా పొగమంచు లేస్తోంది. ఎగువన ఇబ్రహీంపట్నం కరెంటు కేంద్రం పొగగొట్టాల మీది ఎర్రదీపాలు వెలుగుతూ ఆరుతూ, ఏదో నిద్రలో కళ్ళు తెరిచి మూస్తున్నట్టున్నాయి. ఒడ్డంతా కుర్రకారు. పెద్దవాళ్ళూ లేకపోలేదు. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళు, గోల విని వచ్చినవాళ్ళు, బజ్జీల కోసం వచ్చి ఇరుక్కుపోయినవాళ్ళు. ముసలాయన పంచె చూసి ఒక కుర్రాడు కుర్చీ లాక్కొచ్చి వేశాడు. ఆయన కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"దిగు తాతయ్యా, పడతావు."

"నేను పడితే కృష్ణలో పడతాను. పుణ్యం."

కరెంటు పిట్టలు వచ్చాయి. మొదటి పాటలు ముసలాయనకు చెరుకు మిల్లులో గానుగలు తిరిగినట్టు వినిపించాయి. డ్రమ్ము దెబ్బలు కుర్చీ కాళ్ళలోంచి ఎక్కి మోకాళ్ళలో మోగాయి. సింధూరి ముందున్నవాళ్ళ భుజాల సందులోంచి తొంగి తొంగి చూస్తోంది. పాడేవాడు బక్కపలచటి కుర్రాడు, జుట్టు ముడేసుకున్నాడు. రంగురంగుల పొగ, దానికి తోడు ఏటి మీది మంచు. మనిషి కంటికి సరిగా ఆనడం లేదు.

దీపాలు తగ్గాయి. ఆ పాట మొదలైంది.

'ఏటికి అవతల' అన్నాడు కుర్రాడు. అక్కణ్ణుంచి గొంతు లేచింది. ముసలాయన ఎన్నో గొంతులు విన్నాడు గానీ, ఇది లేచిన తీరు వేరు. ఎక్కడా మెట్టు లేదు, ఆయాసం లేదు. అది ఆయన్ని కుర్చీ మీంచి లేపి, ఏటి మీదుగా తీసుకెళ్ళింది. కింద నీళ్ళు కనపడ్డాయి. లంకల్లో రెల్లు, ఇసుకలో నిద్రపోతున్న పడవలు, అంతకు కింద ఆయన చిన్నతనపు పెట్రోమాక్సు దీపాలు, వాటి చుట్టూ పురుగులు, పందిరి గుంజనానుకుని నోరు తెరుచుకుని నిలబడ్డ తనూ. అవతలి ఒడ్డున నిజంగానే ఎవరో దీపం పెట్టినట్టు ఒక చుక్క మెరిసింది. గొంతు ఆగేసరికి మళ్ళీ కుర్చీ మీదికి వచ్చిపడ్డాడు.

కిందికి చూశాడు. సింధూరి ముందు నిలబడ్డ ఆసామి సరిగ్గా అప్పుడే కొడుకుని భుజాలకెక్కించుకున్నాడు. పిల్లకేమీ కనపడలేదు. ఏ ఊపిరి చూడటానికి వచ్చిందో అది దాటిపోయింది. ఇంకొక్కసారి చూడాలి, చూస్తే పట్టుకుంటుంది. అలాంటప్పుడు ఏం చెయ్యాలో ముసలాయనకు ఒకటే తెలుసు.

"వన్స్ మోర్," అని అరిచాడు.

కాటన్ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి ఎక్కణ్ణుంచో అందుకున్నాడు. ఆయన వెనక ఇంకెవరో. ఆ వెనక కుర్రాళ్ళు. వాళ్ళు నాటకం మొహం చూసి ఎరగరు గానీ వాళ్ళ తాతలు అరిచినవాళ్ళే, ఆ ఊపు రక్తంలో ఎక్కడో ఉంది. ఒడ్డంతా వన్స్ మోర్, వన్స్ మోర్ అని ఊగింది. పాడే కుర్రాడికి ఇలాంటిది ఇంకే ఊళ్ళోనూ జరగలేదు కాబోలు. మొహం వెలిగిపోయింది. మైకు రెండు అరచేతుల మధ్యా పెట్టి, తలొంచి, జనానికి నమస్కారం చేశాడు.

సరిగ్గా అప్పుడే లౌడ్ స్పీకర్లలోంచి 'ఏటికి అవతల' లేచింది.

అదే గొంతు. అదే ఎత్తు. మొదట అందరూ వన్స్ మోర్ ఇచ్చాడనే అనుకున్నారు, చప్పట్లు కూడా కొట్టారు. గొంతు పైకి, ఇంకా పైకి వెళ్తోంది. కుర్రాడు తలొంచుకుని, పెదాలు కలిపి, నమస్కారం పెట్టి నిలబడే ఉన్నాడు. పిట్ట లేకుండా కూత ఒక్కటే ఏటి మీద ఎగిరిపోతున్నట్టుంది. చప్పట్లు ఒక పక్కనుంచి ఆరిపోతూ వచ్చాయి. కుర్రాడికి సంగతి తెలిసేసరికి ఆలస్యమైంది. తలెత్తి పక్కకు చూశాడు. పక్కన కంప్యూటర్ దగ్గర కూర్చుని తొందరపడి పాట పెట్టేసిన మనిషి ఏదో నొక్కాడు. గొంతు మధ్యలో తెగిపోయింది.

తరవాత వినపడింది ఏటి చప్పుడు. నీళ్ళు మెట్లకు తగులుతున్న చప్పుడు.

"బాబూ, నువ్వు ఇంటికెళ్ళి పడుకో, మిగతాది అది పాడుద్దిలే," అన్నాడెవరో. జనం నవ్వారు. ఇంకెవరో ఈల వేశారు. బజ్జీల కోసం వచ్చి ఇరుక్కుపోయినవాళ్ళు బజ్జీల వైపు కదిలారు.

కుర్రాడు పోలేదు. సౌండులో ఏదో తేడా వచ్చిందండీ అని గొణిగి, కాసేపు నేల చూసి, మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. డ్రమ్ము లేదు, గిటారు లేదు. 'ఏటికి అవతల' అన్నాడు. చిన్న గొంతు. పర్లేదు, బానే ఉంది. పైకెళ్ళింది. ఇంకాస్త పైకెళ్ళబోయి, చెరుకుగడ విరిగినట్టు మధ్యలో ఫట్టున విరిగింది. మళ్ళీ ప్రయత్నించలేదు. జనం పెద్దగా నవ్వారు. దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి, డ్రమ్ములు మోగాయి, ఇంకో పాట మొదలైంది. ఈసారి ఎవరూ అతని నోటి వైపు తప్ప ఇంకెటూ చూడలేదు.

సింధూరి నవ్వలేదు. "పోదాం," అంది.

కారు బెంజి సర్కిల్ దాటింది, కంకిపాడు దగ్గర పడింది. ముసలాయన నోరు నిజంగానే మూసుకున్నాడు. లోపల మాత్రం ఒకటే కొట్టుకుంటున్నాడు. పిల్ల చూడాలనుకున్నది ఇదా, తను చూపించింది ఏమిటి.

"ఎందుకరిచావు?" అంది చివరికి.

"బాగుండి అరిచాను."

"నువ్వు అరవకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలియకపోతే బాగుండేదా?"

సింధూరి కారు పక్కకు తీసింది. చెరుకు ట్రాక్టరు ఒకటి దాటింది. దాని వెనక వేలాడుతున్న ఆకులు కారు అద్దాన్ని రాసుకుంటూ పోయాయి. ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళున్నాయి. అవి కోపానివో, ఆ కుర్రాడి కోసమో ముసలాయనకు తెలియలేదు.

"మీ నాటకాలవాళ్ళు," అంది కాసేపటికి, "వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడేవాళ్ళు గదా. మొదటిసారి లాగే వచ్చేదా?"

అబద్ధం ఆడటానికి అంత వీలైన చోటు ఆయనకు ఎప్పుడూ దొరకలేదు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. రెండోసారికి గొంతు ఎత్తు పెరిగి నక్షత్రాలు రాలడం, వాటిని ఏరుకున్నవాళ్ళు బాగుపడటం.

"వచ్చేది కాదమ్మడూ," అన్నాడు. "ఒక్కోసారి మొదటిదానికంటే బాగుండేది. ఒక్కోసారి గొంతు పోయేది. ఒకాయనకి పూర్తిగా పోయింది, గాలి తప్ప ఏం రాలేదు."

"అప్పుడేం చేశారు?"

"ఇంకోసారి అడిగాం."

"పోయిందని తెలిసీనా?"

"పోయింది గనకే. అట్లా వదిలేస్తే ఆయన ఇంటికెళ్ళి అన్నం తింటాడా?"

సింధూరి ఆయన వైపు తిరిగి చూసింది. "ఇది కూడా తాటిచెట్టు కథేనా?"

"ఇది కాదు."

"ఇవాళ మనం అతణ్ణి అడగలేదు తాతయ్యా. నవ్వాం."

"నువ్వు నవ్వలేదు," అన్నాడు ముసలాయన. తను నవ్వాడో లేదో ఆయనకే గుర్తు రాలేదు.

ఇంటికొచ్చాక రామతులసి, ఎట్లా జరిగిందండీ కచేరీ అంది. ఆయన చెయ్యి కడుక్కుని పెరుగన్నంలో వేలు పెట్టి, "కృష్ణ పొంగింది," అన్నాడు. ఆవిడ అందులోంచి సగం తీసేసి ఊరగాయ వడ్డించింది. సింధూరి అన్నం తినకుండానే గదిలోకి వెళ్ళింది. ఫోన్ బల్ల మీదే వదిలేసిపోయింది.

మర్నాడు పొద్దున ముసలాయన వసారాలో నవారు మంచం మీద తువ్వాలు మొహాన వేసుకుని పడుకునే ఉన్నాడు. మంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురింటి గేటు కూడా ఊరు వదిలి పోయినట్టుంది. బళ్ళ ఎడ్ల గంటలు కనపడకుండా వచ్చి, కనపడకుండా పోతున్నాయి. ఆ గంటల మధ్యలో, పెరటి వైపునుంచి, ఇంకో చప్పుడేదో వస్తున్నట్టనిపించింది. కలేమో అనుకుని కదల్లేదు. కదిలితే కల పోతుంది.

'ఏటికి అవతల.'

పైకి వెళ్ళింది. పగిలింది. ఆగింది. గిన్నె ఒకటి కింద పెట్టిన చప్పుడు. కాకి అరిచింది. ముసలాయన తువ్వాలు కింద ఊపిరి బిగబట్టాడు. మళ్ళీ మొదటినుంచి వచ్చింది. ఈసారి అంత ఎత్తుకు పోకుండా, కాస్త పక్కనుంచి, గట్టు మీద నడుస్తున్నదానిలా ఒంపు తిరిగి వెళ్ళింది. అది ఆ కుర్రాడి పాటలో లేని దారి. చివర్లో కొద్దిగా వణికింది. వణికిన చోట నవ్వు వినపడింది. తరవాత పసుపు రాసిన గుమ్మం దాటి అడుగులు వసారాలోకి వచ్చాయి. మంచం పక్కన గ్లాసు పెట్టిన చప్పుడైంది.

"నిద్ర నటించకు తాతయ్యా. కాఫీ చల్లారిపోతోంది."

"నిద్రపోతున్నాను," అన్నాడు ఆయన తువ్వాలు తియ్యకుండా.

"సరే అయితే," అంది సింధూరి. అక్కడే గడప మీద కూర్చుని మళ్ళీ అందుకుంది.