బదులు నిద్ర

మెడ వెనక పట్టీ వదులు చేసి మాస్కు మొహం మీంచి తప్పించగానే మిషను కూత పెట్టింది. ఆమె తడుముకుంటూ పైనున్న మీట నొక్కింది. కూత ఆగింది. మీట చుట్టూ అతికించిన నల్లటేపు అంచుల్లోంచి ఆకుపచ్చ దీపం మాత్రం, నీ సంగతి నాకు తెలుసులే అన్నట్టు ఇంకాసేపు మిణుకుమంటూనే ఉంది. గొట్టంలో మిగిలిన గాలి బుస్సుమని పోయాక గది మళ్ళీ మామూలు గది అయింది. కిటికీ అవతల తెల్లవారుతోంది.

పక్కన భర్త వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు. ఆ గురక మెట్లెక్కినట్టు ఒక్కో మెట్టూ ఎక్కి, పైమెట్టు మీద ఠక్కున ఆగిపోయింది. ఆమె కూడా ఊపిరి బిగబట్టింది. అతని పొట్ట లేస్తోంది, ఛాతీ ఎగురుతోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. భుజం పట్టుకుని ఒక్క కుదుపు కుదిపింది. మడుగులోంచి పైకి తేలినవాడిలా పెద్ద శబ్దంతో గాలి పీల్చి, అటు తిరిగి పడుకున్నాడు.

మిషను అతనిది. డిపో డాక్టరు అతని కోసం రాసిచ్చినది. మాస్కు కూడా అతని ముక్కు చూసి ఎంచినదే. అందుకే ఆమె మొహానికి అది సరిగ్గా అతకదు. పట్టీలు బాగా బిగిస్తే తప్ప పక్కల నుంచి గాలి కారుతుంది. గాలి కారితే మిషను కూస్తుంది.

స్నానాలగదిలో మాస్కుని సబ్బునీళ్ళలో కడిగి, మిషనులోని చిన్న నీళ్ళతొట్టి ఒంపేసి, గొట్టాన్ని వంపులు లేకుండా తలుపు మీద ఆరేసింది. అద్దంలో చూసుకుంటే రెండు చెంపల మీదా ఎర్రటి గీతలు, ముక్కు మీద నొక్కుడు మచ్చ. చన్నీళ్ళు చల్లుకుని రుద్దింది. గీతలు పోలేదు. ఈమధ్య అవి మధ్యాహ్నం దాకా ఉంటున్నాయి.

అతను సిటీ బస్సు డ్రైవరు. డిపోలో అందరూ కుంభకర్ణుడని పిలిచేవాళ్ళు, అతనూ నవ్వేవాడు. నవ్వులాట నవ్వులాటగానే ఉండేది, ఒకరోజు ఎర్రదీపం దగ్గర ఆగిన బస్సులో అతను కునుకు తీయకపోతే. కాలు బ్రేకు మీంచి జారింది. బస్సు మెల్లగా ముందుకు దొర్లి ఎవరిదో తోపుడుబండిని నుజ్జు చేసింది. బండివాడు ఆ క్షణంలో పక్కకి వెళ్ళి ఉండబట్టి బతికాడు. పరీక్షలు చేశారు. నిద్రలో ఊపిరి ఆగిపోతోందనీ, రాత్రంతా పోరాడే మనిషికి పగలు మెలకువ ఉండదనీ చెప్పారు. మిషను పెట్టుకుని పడుకుంటేనే బస్సు ఇస్తాం, నెలనెలా అందులో ఊపిరి లెక్క రాసుకునే కార్డు తెచ్చి చూపించాలి అన్నారు.

పెట్టుకున్నాడు. మొదటి రాత్రే పెరికేశాడు. రెండో రాత్రి ఏడుపు మొహం పెట్టాడు. "ఎద్దుకి ముక్కుతాడు వేసినట్టుందే. గాలి నేను పీల్చడం లేదు, ఎవడో నా నోట్లో కుక్కుతున్నాడు," అన్నాడు. మూడోరాత్రి మాస్కు తీసి ఆమె దిండు మీదకి విసిరేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మిషను గాలి ఊదుతూ, కూస్తూ, కొత్త దీపమేదో వెలిగిస్తూ ఆర్పుతూ ఉంది. దాన్ని ఎలా ఆపాలో ఆమెకి అప్పటికి తెలియదు. ప్లగ్గు మంచం వెనక ఉంది. పక్కవాటా వాళ్ళు గోడ మీద కొట్టారు. ఏం చెయ్యాలో తోచక మాస్కు తీసి తన మొహానికి అదుముకుంది.

కూత ఆగిపోయింది.

ఆ నెల కార్డు చూసి డాక్టరు మెచ్చుకున్నాడు. తర్వాత ఇక ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు. మాట్లాడితే తప్పవుతుంది, మాట్లాడకపోతే అలవాటవుతుంది. ఆమె దీపాల మీద నల్లటేపు అతికించింది. అయినా టేపు అంచుల నుంచి సన్నటి వెలుగు కారి ఎదుటి బీరువా తలుపు మీద పడేది. కళ్ళు మూసుకున్నా అది అక్కడుందని తెలిసేది. గొట్టంలో నీటిచుక్క చేరితే గుడగుడ. పక్కకి తిరిగితే బుస్సు. నోరు తెరుచుకుంటే కూత. ఏ జబ్బూ లేని మనిషి ఊపిరిని ఆ మిషను రాత్రంతా మోస్తూ ఉంటే, పక్కనే జబ్బు మనిషి ఊపిరి ఆగుతూ ఉండేది. అది ఎప్పుడు ఆగుతుందోనని వింటూ ఆమె మేలుకుని ఉండేది.

*

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమె పని కాలర్లు తిప్పడం. లోపలివైపు బయటికి పెట్టి కుట్టిన కాలరు ఆమె దగ్గరకి వస్తుంది. మూల దగ్గర ఎక్కువైన బట్ట కత్తిరించి, వేలు దూర్చి తిరగేసి, సన్నటి చెక్కపుల్లతో మొన బయటికి పొడవాలి. గట్టిగా పొడిస్తే కుట్టు తెగుతుంది, మెత్తగా పొడిస్తే మొన మొద్దుగా ఉండిపోతుంది. ఎన్నో ఏళ్ళుగా ఇదే పని. అందుకే అక్కడ ఆమె పేరు కాలరక్క.

"కాలరక్కా, మొహానికి కూడా ఎవరైనా కొలతలు తీసుకున్నారా ఏంటి? ఆ గీతలేంటి?" పక్కబల్ల దగ్గర గుండీలు కుట్టే పిల్ల అడిగింది.

"దిండు గలీబు ముడతలే."

"రోజూ ఒకేచోట ముడతలు పడే దిండు నాకూ ఒకటి తెచ్చిపెట్టక్కా. నాకు ఇస్త్రీ చేసినా ఆ మడత నిలబడదు."

చుట్టూ నవ్వులు. ఆమె కూడా నవ్వింది. అంతలోనే ఎప్పుడు కళ్ళు మూతపడ్డాయో, పుల్ల కాలరు లోంచి దూసుకొచ్చి బొటనవేలి గోరుకింద దిగింది. తెల్లబట్ట మీద ఎర్రచుక్క. సూపర్‌వైజరమ్మ ఆ కాలరు ఎత్తి చూపించింది. "ఏమ్మా, మూలలు తిప్పమంటే బొట్లు పెడుతున్నావా? ఇంటి దగ్గర పడుకోవా నువ్వు?"

"పడుకుంటానమ్మా," అంది ఆమె, వేలు నోట్లో పెట్టుకుని.

మధ్యాహ్నం నుంచి సెలవు అడిగింది. ఈరోజు కార్డు చూపించే రోజు.

*

డిపో ఆస్పత్రి గది ఇరుకుగా ఉంది. భర్త యూనిఫాం వేసుకుని, జుట్టు తడిచేసి దువ్వుకుని, బడికెళ్ళే పిల్లాడిలా బల్ల మీద ఆమె పక్కన కూర్చున్నాడు. టెక్నీషియన్ పిల్ల కార్డుని కంప్యూటరులో దూర్చింది. తెర మీద ఆకుపచ్చ గీతలు బారులు తీరాయి. అవన్నీ తన రాత్రులేనని ఆమె గుర్తుపట్టింది. అదిగో, ఆ గుబురు తనకి జలుబు చేసిన రాత్రి. ఆ ఖాళీ, అతను మరీ ఎక్కువసేపు ఊపిరి తీయకపోతే భయపడి మాస్కు పీకేసి అతన్ని లేపి కూర్చోబెట్టిన రాత్రి.

"అసలు ఊపిరి ఆగడమే లేదు సార్. చాలా బాగుంది," అంది పిల్ల.

డాక్టరు కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "చూశారా? బెంబేలెత్తి వదిలేసేవాళ్ళందరికీ నేను ఈయన్నే చూపిస్తున్నాను. పట్టుదలంటే ఇది." ఆమెవైపు తిరిగాడు. "గురక గోల పోయింది కదా, మీకు కూడా ఇప్పుడు హాయిగా నిద్ర పడుతోందా అమ్మా?"

ఆమె నోరు తెరిచింది. బల్లకింద భర్త బూటు ఆమె చెప్పుకి తగిలింది. తగిలి, అలాగే ఉండిపోయింది. తొక్కలేదు. బతిమాలినట్టు ఆనించాడు, అంతే.

"పడుతోందండీ."

"కళ్ళు చూస్తే అలా లేదే."

"పనెక్కువండీ."

దొంగకి తేలు కుట్టినట్టు ఇద్దరూ లేచి బయటికొచ్చారు. వరండాలో అతను గొంతు సవరించుకున్నాడు. "నా ట్రిప్పు ఇప్పుడే. ఎక్కు, ఇంటి దగ్గర దింపుతా," అన్నాడు.

*

ఆమె డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. ఎదురుగా పైన చిన్న అద్దంలో అతని కళ్ళు కనిపిస్తున్నాయి. దానికింద రేకు మీద రాసి ఉంది: డ్రైవరుతో మాట్లాడరాదు.

బడి పిల్లలు ఎక్కారు. కర్ర పట్టుకున్న పెద్దాయన ఎక్కాడు. చంటిపిల్లని భుజాన వేసుకున్న అమ్మాయి ఆమె పక్కన కూర్చుంది. పిల్ల పిడికిళ్ళు విప్పేసి నిద్రపోతోంది. ఎంత ధీమా, అనుకుంది ఆమె. ఎవరు నడుపుతున్నారో, ఎటు పోతున్నారో ఏమీ అక్కర్లేదు.

ఎండ బస్సు ముందరి అద్దంలోంచి నేరుగా పడుతోంది. ఊరి బయటి పొడుగు రోడ్డు మొదలైంది. మలుపులు లేవు, దీపాలు లేవు. అద్దంలో కళ్ళు చిన్నవయ్యాయి. తెరుచుకున్నాయి. మళ్ళీ చిన్నవయ్యాయి. ఆమె దగ్గింది. కళ్ళు తెరుచుకున్నాయి. ఆమె గాజులు కడ్డీకేసి కొట్టింది. ఒక్క నిమిషం కిటికీ అవతలికి చూసి, తిరిగి అద్దంలోకి చూసేసరికి అక్కడ కళ్ళు లేవు, మూసిన రెప్పలున్నాయి. బస్సు పడవలా మెల్లగా, ఏ తొందరా లేకుండా, రోడ్డు పక్క గోడవైపు ఒరుగుతోంది.

"ఏమండీ!"

అతను ఉలిక్కిపడి స్టీరింగు తిప్పేసి బ్రేకు తొక్కాడు. జనం ఒకరిమీద ఒకరు పడ్డారు. చంటిది కెవ్వుమంది. వెనక చిల్లర లెక్కలో ఉన్న కండక్టరు సీట్లు పట్టుకుంటూ ముందుకొచ్చాడు. "ఏమైందన్నా?"

"కుక్క," అన్నాడు అతను. "కుక్క అడ్డమొచ్చింది."

"మంచిపని చేశావు బాబూ!" కర్ర పెద్దాయన పడిపోయిన చెప్పు వెతుక్కుంటూ అన్నాడు. "మనుషులనే తొక్కించుకు పోయే రోజుల్లో నోరులేని జీవాన్ని కాపాడావు."

బస్సు కదిలింది. పక్కనున్న అమ్మాయి, "చూశావా, డ్రైవరు మావయ్య కుక్కపిల్లని కాపాడాడు," అని చంటిదాన్ని ఊరుకోబెడుతోంది. ఆమె వెనక్కి తిరిగి రోడ్డు చూసింది. ఖాళీ రోడ్డు, గోడ, ఎండ. ఇందాక డాక్టరు మెచ్చుకున్న నిద్ర లాంటిదే ఇదీనూ. లేని నిద్రకీ మెప్పే, లేని కుక్కకీ మెప్పే.

ఆమె లేచి, కడ్డీ పట్టుకుని అతని చెవి దగ్గరకి వంగింది.

"ఆ కుక్క ఏ రంగండీ?"

అతను రోడ్డే చూస్తున్నాడు. మెడ మీద చెమట కారుతోంది.

"ఈ రాత్రి నుంచి నేను పెట్టుకోను."

"ఇక్కడ కాదే. ఇంటికెళ్ళాక."

"ఇంటికెళ్ళాక మాట్లాడుకున్నామా ఎప్పుడైనా?"

అతను గేరు మార్చాడు. తర్వాత ఎవరికో చెబుతున్నట్టు అన్నాడు. "చెప్పేస్తే డిపో గేటు దగ్గర కూర్చోబెడతారు. బస్సు వస్తే గొలుసు దించాలి, పోతే ఎత్తాలి. నిన్నటిదాకా నాకు సలాము కొట్టినవాళ్ళ బస్సులకి."

"దించండి. ఎత్తండి."

"నీకేం, చెబుతావు."

"నాకేమా?" ఆమె గొంతు పెరగలేదు. "పక్కన మీ ఊపిరి ఆగిపోతుంటే, ఆ గాలేమో నా ముక్కులోకి పోతోంది. రోజూ మీ మందు నేను మింగుతున్నట్టే కదండీ. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నాకు. ఈ పిల్లని చూడండి." చంటిదాని వైపు చెయ్యి చూపబోయి, అతను వెనక్కి తిరుగుతాడేమోనని భయపడి చెయ్యి దించేసుకుంది. "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

ఆమె ఇల్లున్న స్టాపు వచ్చింది. ఆమె దిగలేదు. అతనూ దిగమనలేదు. అక్కణ్ణుంచి చివరి స్టాపు దాకా అంత నెమ్మదిగా, అంత జాగ్రత్తగా అతను బస్సు నడపడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ప్రతి గుంతనీ అడిగి అడిగి దాటించాడు. చంటిపిల్ల తల్లి దిగేటప్పుడు ఆమె మెట్టు దిగేదాకా అద్దంలో చూస్తూ ఉండిపోయాడు.

అందరూ దిగాక ఇంజను ఆపాడు. ఎప్పుడూ తన పక్కనున్న తలుపు తెరిచి కిందికి దూకేవాడు. ఈరోజు అటు చూడనైనా చూడకుండా లేచి, సీట్ల మధ్య నుంచి నడిచి, జనం దిగే మెట్ల మీదుగా కడ్డీ పట్టుకుని దిగాడు. ఎదురుగా బస్సుల్ని పంపే కంట్రోలరు గది. గడప దగ్గర ఆగి టోపీ తీయడం, లోపలి మనిషి కుర్చీలోంచి లేవడం ఆమెకి కిటికీలోంచి కనిపించింది. మాటలు వినపడలేదు. భర్త చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ నిలబడడం చూడలేక ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

మళ్ళీ తెరిచేసరికి బస్సు పరిగెడుతోంది. ఎండ అటుపక్క నుంచి ఇటుపక్కకి వచ్చేసింది. నోరు తడారిపోయి ఉంది, మెడ పట్టేసింది. చుట్టూ ఎవరెవరో ఉన్నారు. ఇంత గాఢంగా పడుకుని ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తు రాలేదు.

"లేచారా వదినా," కండక్టరు సీటు పక్కకి వచ్చి నిలబడ్డాడు. టిక్కెట్ల మిషనుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. "అన్న లేపొద్దన్నాడు. మీ స్టాపు రాగానే దింపమన్నాడు."

"ఆయనేరి?"

"నడిచొస్తానన్నాడు. వెళ్ళిపోయాడు." చూపు పక్కకి తిప్పుకుని అన్నాడు. "రేపట్నుంచి గేటు దగ్గరట."

ఆమె ముందుకి చూసింది. డ్రైవరు సీట్లో ఎవరో సన్నటి కొత్తమనిషి. సీటు ముందుకి జరుపుకున్నాడు, అద్దం తన ఎత్తుకి దించుకున్నాడు. తనకి అడ్డమని కాబోలు, సీటు మీదున్న దిండు తీసి పక్కన ఇంజను మూత మీద పడేశాడు. ఫ్యాక్టరీలో మిగిలిన కాలరు ముక్కలు కూరి ఆమె ఎప్పుడో భర్తకి కుట్టి ఇచ్చిన దిండు అది. మధ్యలో ఒక బరువైన మనిషి కూర్చున్నంత మేర గుంట పడిపోయి, ఇంజను వణుకుకి కొంచెం కొంచెంగా అంచుకి జరుగుతోంది.