అవతలి ఒడ్డు గిన్నె

నేను ఒక సత్తు గిన్నెను. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెడితే నేరం పెట్టినవాడిదా, తిన్నవాడిదా? ఈ సందేహం తొమ్మిదేళ్లుగా నన్ను వదలలేదు.

నేను తయారైంది పొరుగుదేశపు రేవులో. కాశిం అనే ముసలి సరంగు నన్ను కొని, అంచున భార్య పేరు చెక్కించి, తన పడవకెక్కించాడు. ఒకసారి తుఫాను తరవాత, ఇంజను చెడిన పరాయి పడవ ఒకటి సముద్రంలో రెండు దేశాల సరిహద్దు గీత దాటి మా వైపు కొట్టుకొచ్చింది. అందులో భావనపాడు దానయ్య, మరో నలుగురు. నాలుగు రోజులుగా పస్తు. కాశిం వాళ్లది ఏ దేశమని అడగలేదు. ఇంజను బాగుచేయించి, నా నిండా అన్నం పెట్టి అందించాడు. వాళ్లు తింటుండగానే దూరాన గస్తీ నౌక కనబడింది. రెండు పడవలూ చెరో దిక్కుకు పారిపోయాయి. నేను దానయ్య ఒళ్లో ఉండిపోయాను.

దానయ్య భార్య ముగతమ్మ నన్ను తోమి, దేవుడి పటాల కింద బోర్లించింది. నాలో ఏనాడూ వండలేదు. పక్కింటి గిన్నెను ఖాళీగా తిరిగివ్వని ఇల్లు అది. కాని ఆ పక్కిల్లు సముద్రానికి అవతల ఉంటే ఏం పెట్టి, ఎలా పంపాలి? రోజూ దీపం వెలిగిస్తూ, "ఆల బాకీ తీర్సే దారి సూపించు తల్లీ" అని మొక్కుకునేది.

కిందటేడు కాశిం పడవే దారి తప్పి ఈ దేశపు గస్తీకి దొరికింది. గూఢచారులేమోనని అనుమానించి జైల్లో పెట్టారు. పేపర్లో ఫొటో చూసి దానయ్య గుర్తుపట్టాడు.

"ఎల్లి సెప్పు మావా, ఆలు సేపలోల్లని" అంది ముగతమ్మ.

"సెప్తే, నీకెలా తెలుసురా అనరేటి? గీత దాటినోడినని లైసెన్సు లాక్కుంతారు. ఏటి తింతావు, ఇసకా?"

దానయ్య వెళ్లలేదు. అవతలి జైల్లోనూ ఈ దేశపు జాలర్లు ఉన్నారు. ముందు మీరు వదలండి అంటే ముందు మీరు వదలండి అని రెండు రాజధానులూ పదకొండు నెలలు ఉత్తరాలు రాసుకున్నాయి. ఉత్తరాలు చాలా మర్యాదగా ఉన్నాయట. ఆ మర్యాదలు పూర్తయ్యేలోగా కాశిం జైల్లో జ్వరంతో పోయాడు. ఆ వార్త విన్న రోజు దానయ్య అన్నం ముట్టలేదు.

కాశిం పడవలో మిగిలినవాళ్లను వాళ్ల దేశానికి అప్పగించే రోజున ముగతమ్మ నా నిండా చేపల పులుసన్నం పెట్టి, మొగుణ్ణి వెంటబెట్టుకుని రేవుకొచ్చింది. అధికారి ఆపాడు.

"ఏమిటిది?"

"ఆల గిన్నె బాబూ."

"వాళ్ల గిన్నె మీ దగ్గరికెలా వచ్చింది?"

దానయ్య ఒకసారి భార్య వైపు చూశాడు. తరవాత తుఫాను, గీత, అన్నం, అన్నీ చెప్పేశాడు. "ఆ ముసిలోడు గూఢచారి కాడు బాబూ. నాకు మొదట్నించీ తెలుసు."

అధికారి అంతా రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ కాగితం వల్ల దానయ్యకు తరవాత ఏమయిందో నాకు తెలియదు.

కాశిం తమ్ముడు నజీర్ వరసలోంచి ముందుకొచ్చాడు. నా అంచున చెక్కించిన తన వదిన పేరు మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.

"గిన్నె తీసుకెళ్లనీ. అన్నం మాత్రం పడవెక్కకూడదు, రూలు" అన్నాడు అధికారి.

"ఒట్టి గిన్నె ఎలాగిత్తాం బాబూ? మడిసి పోయిన ఇల్లు. ఇంకా అరిష్టం కాదేటి?"

అధికారి కాసేపు కాగితాలు తిరగేశాడు. "ఇక్కడే తినేసి వెళ్లమనండి. తినకూడదని ఎక్కడా లేదు."

నజీర్ గట్టు మీద కూర్చుని తనవాళ్లకు ముద్ద ముద్ద పంచి, తానూ తిన్నాడు. నా అడుగున ఒక్క ముద్ద మిగిలినప్పుడు ముగతమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె భాష తెలియకపోయినా అతనికి అర్థమైంది. ఆ ముద్ద మీద తువ్వాలు కప్పి, రెండు చేతులతో నన్ను పట్టుకుని పడవెక్కాడు.