కెమెరా ముందు చదువు

పిచ్చుక అని అందరూ పిలిచే అమ్మాయి చదువుకుంటుంటే వేలమంది ఫోన్లలో లైవ్‌లో చూసేవారు. ఓ పిల్ల బల్ల ముందు కూర్చుని పేజీలు తిప్పుతుంటే చూడటమేమిటని పిన్ని ముక్కున వేలేసుకుంది.

"వాళ్లూ నాతోపాటే చదువుకుంటారు పిన్నీ. నేను తోడన్నమాట."

బల్ల మీద తమ దీపం కనబడితే చాలని, ఆ తోడుకు ఓ దీపాల కంపెనీ డబ్బులిచ్చేది. ఫిజియోథెరపీ చదివే పిల్లకి అంతకన్నా ఏం కావాలి?

చదువు కావాలి. అదొక్కటే అబ్బలేదు. మొహం మీద వెలుగు పడుతోందా, చూసేవాళ్లు తగ్గారా అని ఓ కన్నెప్పుడూ తెర మీదే. పేజీలకు రంగులు పూసేది గానీ ఒక్క ముక్కా తలకెక్కేది కాదు. ఎముకల పరీక్ష తప్పింది. మళ్లీ తప్పితే ఏడాదంతా వృథా. ఈ సంగతి చూసేవాళ్లకు చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

ఇంతలో దీపాల కంపెనీ పెద్ద బేరం తెచ్చింది. ఏడాదిపాటు రోజూ సాయంత్రం లైవ్‌లో కూర్చోవాలి. ఔనో కాదో ఇవాళే చెప్పాలి. సరిగ్గా ఆ వేళకే క్లాసువాళ్లంతా కాలేజీలో ఎముకల గదిలో చేరి చదువుకుంటారు. "ఒక్కసారి వచ్చి చూడవే, తర్వాత నీ ఇష్టం" అని స్నేహితురాలు గంట ప్రాణం తీస్తోంది. క్లాసులో ఆమెకు ఆ పేరు గొంతును బట్టి వచ్చింది.

పోరు పడలేక ఆ సాయంత్రం పిచ్చుక వెళ్లింది. గంట కళ్లు మూసుకోమని, చేతిలో ఓ ఎముక పెట్టింది.

"ఏంటిది?"

"కాలర్ బోన్."

"కుడిదా, ఎడమదా?"

ఆ పేజీకి మూడు రంగులు పూసిన మహాతల్లి పిచ్చుకే. "ఎడమది" అని చీకట్లో బాణం వేసింది.

"ఎడమది నా దగ్గరుంది. పాపం, ఈ మనిషికి రెండూ ఎడమ భుజాలే!" అన్నాడు, క్లాసంతా పొడుగు అని పిలిచే కుర్రాడు. గదంతా గొల్లుమంది.

పిచ్చుకకు ఏడుపొచ్చింది. ఆ వెనకే నవ్వూ వచ్చింది. గంట పిచ్చుక వేళ్లను పిచ్చుక భుజం మీదే పెట్టింది.

"తడుము. చదునైన కొన భుజం వైపు, లావు కొన గుండెల వైపు. ఈ ఉబ్బు ముందుకు, ఈ గాడి కిందికి ఉండాలి."

పిచ్చుక తడిమింది. తన ఒంట్లోనే ఉంది పాఠం! ఆ తర్వాత ఎముక మారిన ప్రతిసారీ సరిగ్గా చెప్పింది. తడబడుతున్న పొడుగుకి తనే నేర్పింది కూడా. నెలల తరబడి గుండెల మీద కూర్చున్న బరువేదో దిగిపోయింది.

బయటికొచ్చి కంపెనీకి కాదని చెప్పేసింది. చూసేవాళ్లకు "ఇక లైవ్‌కి రాను, చదువుకోవడానికి వెళ్తున్నాను" అని రాసింది.

వెంటనే ఎవరో అడిగారు: "మరి ఇన్నాళ్లూ చేసిందేంటక్కా?"

పిచ్చుక పకపకా నవ్వేసి, "పరీక్ష తప్పాను. నువ్వూ ఎవరి పక్కనైనా కూర్చుని చదువుకో తల్లీ" అని రాసింది. ఫోన్ సంచిలో పడేసి, గదిలోకి తిరిగొచ్చి, కళ్లు మూసుకుని చెయ్యి చాచింది.

"ఇంకోటివ్వవే."