రెండు గీతల మధ్య

వీధిలో ఆయన్ని చల్లటి మేస్త్రి అంటారు. చల్లగా మాట్లాడతాడని కాదు, అలా మాట్లాడగా విన్నవాళ్లెవరూ లేరు. బండి వేడెక్కి ఆయన మెకానిక్ షెడ్డుకి వస్తే చాలు, “ముందు చల్లారనివ్వండి” అని అరిచి, తను మాత్రం వేడెక్కి కూర్చుంటాడు. అందుకని ఆ పేరు. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తిప్పబోయిన డ్రైవర్లు ఆయన నోటి నుంచి విన్న మాటలు ఇక్కడ రాయలేం. మూతికి పావలా వెడల్పున కాలిన మచ్చ ఉన్న ఒక లారీ డ్రైవరు మాత్రం ఇప్పటికీ ఆయన కనిపిస్తే నమస్కారం పెట్టి పక్కకి తప్పుకుంటాడు.

ఆ రోజు పొద్దున్న ఆవిరి కక్కుతూ షెడ్డులోకి వచ్చిన కారు పరాయివాళ్లది కాదు. సొంత కోడలిది.

“పిల్లలేరీ?” మేస్త్రి మొదట అడిగింది అదే.

“బడి దగ్గర దింపేశాను మామయ్యా. తిరిగొస్తుంటే వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. ఆపి, కాసేపు ఆగి, మళ్లీ మెల్లగా తీసుకొచ్చాను.”

“తీసుకురాకూడదు. ఎక్కడ ఆగితే అక్కడే వదిలేసి ఫోన్ చెయ్యాలి. ఇంజిన్ హెడ్డు వంకరపోతే ఇక నువ్వూ నేనూ కలిసి ఆ కారుని తోసుకోవాలి.”

 వీధిలో పిల్లల్ని ఆమె ఆ కారులోనే పొద్దున్న బడికి దింపి, సాయంత్రం ఇళ్లకి చేరుస్తుంది. ఇల్లు గడిచేది దాని మీదే. కొడుకు పోయాక మేస్త్రి చేతులు వణకడం మొదలై, షెడ్డుకొచ్చే బండ్లు సగానికి సగం తగ్గిపోయాయి. ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. కోడలి కారు ఆగిందంటే పొయ్యి ఆగినట్టే.

బానెట్ ఎత్తి, ఇద్దరూ చెరో స్టూలు మీద కూర్చున్నారు. ఇంజిన్ టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తూ చల్లారుతోంది. సాయంత్రం పిల్లల్ని తీసుకురమ్మని, మర్నాడు పొద్దున్న దింపమని వెనక వీధి వ్యాన్ ఆవిడకి కోడలు ఫోన్ చేసి చెప్పింది.  మేస్త్రి కారు వైపు చూడకుండా గోడకి వేలాడుతున్న పాత ఫ్యాన్ బెల్టుల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయనకి అప్పటికే అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానం నిజం కాకూడదని లోలోపల దండాలు పెట్టుకుంటున్నాడు.

ఆ కారు కోడలికి మామూలు కారు కాదు. భర్త పోయిన కొత్తలో, కారు ఒకసారి చూసిపెడతానని మేస్త్రి అంటే ఆమె అడ్డం నిలబడింది. “అన్నీ చూడండి మామయ్యా, కూలెంట్ మాత్రం తీయకండి. అది ఆయన తన చేత్తో పోసింది. అలాగే ఉండనివ్వండి” అంది. ఇంజిన్‌లో తిరిగి దాన్ని చల్లబరిచే నీళ్లని పట్టుకుని ఎవరైనా అలా అంటారా? అన్నది ఆమె. భర్త బట్టలు ఎవరెవరో పట్టుకుపోయారు, ఫోన్ పాడైపోయింది, మంచం పక్క గదికి మారింది. అతని చేతి పనిలో ఇంకా పనిచేస్తున్నది అదొక్కటే అనుకుంది. రోజూ పొద్దున్న, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బానెట్ ఎత్తి పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో మట్టం చూసుకునేది. కింది గీతకి పైన, పై గీతకి కింద. భర్త నేర్పిన పద్ధతి అది. చూసుకుని, బానెట్ దించి, దాని మీద అరచెయ్యి ఒక్క క్షణం ఉంచి, అప్పుడు ఎక్కేది.

ఆమె అడ్డం నిలబడ్డ ఆ రోజు మేస్త్రి చూపు తిప్పుకుని పక్కకి తప్పుకున్నాడు. ఎందుకంటే ఆ కారులో ఉన్నది కొడుకు పోసిన కూలెంట్ కాదు. మేస్త్రి పోసింది.

ఇంజిన్ చల్లారింది. మేస్త్రి మూత మీద మడత పెట్టిన గుడ్డ వేసి కొంచెం తిప్పాడు, ఆగాడు, మళ్లీ తిప్పాడు. మూత లోపలి వైపు బురద అంటుకుని ఉంది. వేలు పెట్టి తీస్తే గోధుమరంగు ముద్ద సాగుతూ వచ్చింది. రేడియేటర్ నోట్లోంచి చూస్తే సన్నటి గొట్టాల నిండా అదే. నీళ్లు తిరగడానికి దారి లేదు. ఇంజిన్ ఉడికిపోదా మరి?

“ఏంటి మామయ్యా అది?”

“దీంట్లో ఏమైనా పోశావా?”

ఆమె తల దించుకుంది. “మట్టం దిగుతుంటే అప్పుడప్పుడు కొంచెం పోశాను. బయటిది కాదు. ఆయన వాడగా మిగిలిన ఆకుపచ్చ డబ్బా ఉంది కదా, అదే. ఆయనదాంట్లో ఆయనదే కదా అని.”

మేస్త్రి వేలికి అంటిన ముద్దని చూస్తూ ఉండిపోయాడు. తను పోసింది గులాబీరంగుది. కొడుకు డబ్బాలోది ఆకుపచ్చది. రెండూ రెండు రకాలు, ఒకదానికొకటి పడవు. కలిస్తే ఇలాగే విరిగి గడ్డకడతాయి. రెండూ కలపకూడదని పనిలో చేరిన మొదటి నెలలోనే ఎవరైనా నేర్చుకుంటారు. కొడుక్కి ఆ సంగతి నేర్పింది ఆయనే.

“ఒకసారి అడిగాను మిమ్మల్ని” అంది ఆమె. “మొదట్లో. ఆకుపచ్చగా ఉండాల్సింది గులాబీరంగులో కనిపిస్తోందేంటని అడిగాను. పాతబడితే రంగు మారుతుందిలే అన్నారు మీరు.”

“అన్నాను.”

“మరి నేనే పాడు చేశానా?” ఆమె మూత చేతిలోకి తీసుకుంది. “ఇన్నాళ్లూ కళ్లలో పెట్టుకుని చూసుకున్నాను. చివరికి నా చేత్తో నేనే... ఆయన పోసినదాన్ని నేనే విరగ్గొట్టానా మామయ్యా?”

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. రేడియేటర్ నోటి దగ్గర తల వంచి, ఆ బురదలో ఇంకా ఏదైనా మిగిలిందేమోనన్నట్టు చూస్తోంది. మేస్త్రి వేళ్లు గుడ్డకి తుడుచుకున్నాడు. నోరు మూసుకుంటే ఈ పిల్ల జన్మంతా తనే పాడు చేశాననుకుంటుంది. నోరు విప్పితే, ఇన్నాళ్లూ పట్టుకుని బతికిన ఆ కాస్తా పోతుంది. ఏది చేసినా ఆమెకే నష్టం. మింగలేడు, కక్కలేడు. బానెట్ కింద తల దాచుకుని ఎంతసేపని నిలబడతాడు?

“నువ్వు పాడు చెయ్యలేదమ్మా” అన్నాడు చివరికి. “నేను చేశాను. దీంట్లో ఉన్నది వాడు పోసింది కాదు. వాడు ఆస్పత్రిలో ఉండగా నేను మార్చాను.”

ఆమె తలెత్తింది.

“వాడే మార్చమన్నాడు. నువ్వు మందులు తేవడానికి కిందకి వెళ్లినప్పుడు నన్ను దగ్గరికి పిలిచి చెప్పాడు. ‘నాన్నా, కారులో కూలెంట్ పాతబడింది, నేను లేచాక మారుద్దామనుకున్నాను, నువ్వే మార్చెయ్యి, తను రేపటి నుంచి ఒక్కతే నడుపుకోవాలి’ అన్నాడు. దుకాణంలో గులాబీరంగుదే దొరికింది. పాతదంతా దింపి, కడిగి, కొత్తది పోశాను. డబ్బాలో మిగిలిన ఆకుపచ్చది పారెయ్యాల్సింది. పారెయ్యలేదు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పొద్దన్నాడు. చెప్తే నువ్వు భయపడతావన్నాడు. ‘ఇక నేను లేవనని తనకి తెలిసిపోతుంది నాన్నా’ అన్నాడు.”

ఈ మాట అనేశాక గానీ దాని బరువు మేస్త్రికి తెలియలేదు. కొడుకు చివరిదాకా భార్యతో చెప్పిన మాట వేరు. ఇంటికొస్తాననీ, రాగానే ఇద్దరూ కారులో ఎటైనా దూరంగా వెళ్లొద్దామనీ చెప్పేవాడు. ఆమె ఆ మాట నమ్మింది. ఆయన ఆశతోనే పోయాడని, అంత బాధలోనూ అదొక్కటి నయమని, వచ్చినవాళ్లందరితో అనేది. ఇప్పుడు ఆ నయం కూడా లేకుండా పోయింది.

“అంటే ఆయనకి తెలుసు” అంది.

మేస్త్రి తలూపాడు.

“నాకు తప్ప అందరికీ తెలుసు.” స్టూలు మీదున్న తాళంచెవులు తీసుకుంది. వాటితో చేసే పనేమీ లేదని గుర్తొచ్చి మళ్లీ అక్కడే పెట్టేసి, చెప్పులేసుకుని ఇంటి వైపు నడిచి వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నం వడ్డించింది, పెరుగు వేసింది, తను తినకుండా గదిలోకి వెళ్లిపోయింది.  కోపాలన్నీ మేస్త్రి సొత్తనుకునే ఇంట్లో మొదటిసారి ఇంకొకరికి కోపం వచ్చింది, దాని ముందు ఎలా కూర్చోవాలో ఆయనకి తెలియలేదు.

మర్నాడు తెల్లారగానే మేస్త్రి పనిలో దిగాడు. కింది గొట్టం ఊడదీసి ఆ బురదనంతా తొట్టిలోకి దింపాడు. మంచినీళ్లు పోసి, ఇంజిన్ తిప్పి, మళ్లీ చల్లార్చి, మళ్లీ దింపాడు. వచ్చే నీళ్లు తేటపడేదాకా అదే పని. చల్లారేదాకా ఆగడమన్నది ఆయనకి ఇంత కష్టంగా ఎప్పుడూ లేదు, ఆగినప్పుడల్లా కొడుకు మాటలే చెవిలో పడుతున్నాయి. చేతులు వణుకుతుంటే గొట్టం క్లిప్పు బిగించడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. హెడ్డు వంగలేదు. అదొక్కటి బతికించింది.

మధ్యాహ్నం దాటాక, కొత్త కూలెంట్ సగం, బ్యాటరీలో పోసే నీళ్లు సగం కలుపుతుండగా గుమ్మం దగ్గర నీడ పడింది.

“ఈసారి ఏ రంగుది?” అంది కోడలు.

“ఆకుపచ్చదే. వాడు వాడే రకమే తెచ్చాను.”

ఆమె లోపలికొచ్చి గరాటు పట్టుకుంది. ఆయన పోశాడు. నిన్నటి కోపం ఆమె మొహంలో అలాగే ఉంది, కానీ గరాటు మాత్రం కదలకుండా పట్టుకుంది. నిండాక ఆయన చేతులు తుడుచుకుని, ఏదో తేల్చుకున్నవాడిలా స్టూలు గోడ దగ్గరికి లాగి, దాని మీదకెక్కాడు. ఫ్యాన్ బెల్టుల వెనక, పై అరలో మూలకి నెట్టి పెట్టిన ఒక డబ్బా కిందకి దించాడు. మూతకి గుడ్డ చుట్టి, తీగతో గట్టిగా బిగించి ఉంది.

“నువ్వు తీయొద్దన్నది ఇదే. వాడు పోసింది. ఆ రోజు కారులోంచి దింపింది.”

ఆమె డబ్బా రెండు చేతులా తీసుకుని ఊపి చూసింది. లోపల మడ్డిపట్టిన ఆకుపచ్చ నీళ్లు కదిలాయి.

“పారబోయలేదా?”

“కాలవలో పోయకూడదు. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి చచ్చిపోతాయి.”

“వాడేసిన నూనెలు పట్టుకుపోయే బండి వస్తూనే ఉంటుంది కదా మామయ్యా. షెడ్డులో డబ్బాలన్నీ దానికే ఇచ్చేస్తారు కదా.”

  ఆ బండి వచ్చిన ప్రతిసారీ మేస్త్రి ఈ డబ్బా కూడా దించాలనే స్టూలు ఎక్కేవాడు. దీన్ని ముట్టుకుని, ఇంకో డబ్బా తీసుకుని దిగేవాడు. పారెయ్యాల్సిన మురికినీళ్లు. ఇంజిన్‌కి పనికిరావు, దేనికీ పనికిరావు. కోడలి కోసం దాచానని చెప్పుకోవడానికి కూడా లేదు. తన కోసమే దాచుకున్నాడు.

“ఇవ్వలేకపోయానమ్మా” అన్నాడు. స్టూలు మీద కూర్చుండిపోయి, మసి చేతులతోనే మొహం కప్పుకున్నాడు. కొడుకు పోయినప్పుడు అందరినీ ఓదారుస్తూ తిరిగిన మనిషి, అప్పుడు ఏడవాల్సింది ఇప్పుడు ఏడ్చాడు.

ఆమె ఆయన్ని ఓదార్చలేదు, వెళ్లిపోనూ లేదు. డబ్బా గుండెలకి ఆనించుకుని ఆయన పక్కనే నిలబడింది. చాలాసేపటికి ఆయన కుదుటపడి లేచాక, ఆ స్టూలు ఆమే ఎక్కి, డబ్బాని మళ్లీ బెల్టుల వెనక మూలకి నెట్టింది. “ఇక్కడే ఉండనివ్వండి” అంది.

తర్వాత బానెట్ కిందకి వంగి మట్టం చూసింది. రెండు గీతల మధ్య ఉంది.

“గాలి బయటికొచ్చాక కొంచెం దిగుతుంది” అన్నాడు మేస్త్రి, ముక్కు తుడుచుకుంటూ. “రేపు పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు చూడు. దిగితే ఏం పోయాలో నన్ను అడుగు.”

“అడిగితే ఈసారి నిజం చెప్తారా మామయ్యా?”

“చెప్తాను” అన్నాడు.

ఆమె బానెట్ దించింది. రోజూ లాగే అరచెయ్యి దాని మీదకి పోబోయి, మధ్యలోనే ఆగిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని, తాళంచెవులు అందుకుని, బడి దగ్గర పిల్లల్ని ఎక్కించుకోవడానికి వెళ్లింది.