పెడల్లో రెండో మెట్టు

మొగుడి కాలు విరిగి కట్టు పడిన మర్నాడే, ఆమెకు వరసకు బావగారైన ఆసామి వాళ్ల చిన్న ట్రాక్టరు మీద కన్నేశాడు. "నడిపేవాడు మంచమెక్కాడుగా, బండి నాకు అమ్మేయండి" అన్నాడు. ఇంట్లో అందరూ తలూపారు, కోడలు తప్ప.

"సాయంత్రంలోగా మన చేలో గడ్డి అంతా నేను కోసేస్తే బండి ఇంట్లోనే ఉంటుంది. కోయలేకపోతే మీరే తోలుకుపోండి" అని ఎక్కి కూర్చుంది.

గడ్డి దట్టంగా ఉన్నచోటికి రాగానే వెనకున్న కోత యంత్రం మూలిగింది. ఆమె క్లచ్ అడుగంటా తొక్కింది. చక్రాలు ఆగాయి, వాటితోపాటు కత్తులూ ఆగాయి. యంత్రం నోట్లో కుక్కుకున్న గడ్డి అలాగే ఉండిపోయింది. ఇంజన్ ఆపి, దిగి, ఆ గడ్డి అంతా పీకి, మళ్లీ ఎక్కింది. నాలుగు బారలు పోయిందో లేదో మళ్లీ అదే భాగోతం.

గట్టు మీద కూర్చున్న మామగారికి నోరు ఊరుకుంటుందా? "అమ్మాయ్, నువ్వు ఆ చివరికి చేరేలోపు ఈ చివర గడ్డి మోకాలెత్తు పెరిగేలా ఉంది. మా రోజుల్లో నన్ను చూస్తేనే గడ్డి భయపడి తనంతట తనే పడుకునేది!"

"అయితే ఒక్కసారి దిగొచ్చి భయపెట్టిపోండి మామయ్యా."

ఆయన గట్టు దిగలేదు. ఆమె బండీ దిగలేదు. కారు నేర్పేటప్పుడు మొగుడు చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన మాట గుర్తొచ్చింది: క్లచ్ అంటే పూర్తిగా తొక్కాల్సిందే. 'ఇది కారు కాదుగా!' అనుకుంది. ఇంజన్ ఆపి, చెప్పు విడిచి, వట్టికాలితో పెడల్ మెల్లగా నొక్కింది. సగం దాకా మెత్తగా దిగి, అక్కడ బిగుసుకుంది. ఇంకా బలంగా తొక్కితే కిందికి పోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అక్కడే బిగువు.

యంత్రం నోరు శుభ్రం చేసి బండి కదిలించింది. దట్టమైన చోట ఆ బిగువు దాకా మాత్రమే తొక్కింది. చక్రాలు ఆగాయి. కత్తులను తిప్పే పీటీఓ షాఫ్టు మాత్రం ఆగలేదు. యంత్రం నోట్లో ఉన్నదంతా నమిలి పక్కకు ఊసింది. ఆమె మెల్లగా కాలు వదిలింది. ఇక వెనక్కి తిరిగి చూడలేదు.

పొద్దువాలే వేళకు బావగారు రానే వచ్చాడు. ఆమె ఆఖరి సాలు ముగించి, కాస్త దూరంలోనే నిలిపింది.

"బండి ఆగినా కత్తులు తిరుగుతున్నాయేంటి? చెడగొట్టేశావా?"

ఆమె ఆ బిగువు దాటి, రెండో మెట్టు దాకా పెడల్ తొక్కింది. కత్తులు నిలిచాయి.

"చెడలేదు బావగారూ, క్లచ్‌కి రెండు మెట్లున్నాయంతే. అమ్మడమూ లేదు."

మామగారు గొంతు సవరించుకున్నాడు. "రెండు మెట్లేనా! మా బండి క్లచ్‌కి ఏడుండేవి. ఆఖరిది తొక్కితే పక్కచేలో బండి కూడా ఆగిపోయేది!"