ఎర్రగీత

పద్మావతి సంవత్సరీకానికి ముందు చేయవలసినవి అని పైన రాసి, కింద వరసగా అంకెలు వేశాడు పెద్దన్న సారు.

1. అయ్యవారికి తిథి గుర్తుచేయాలి.
2. ఫోటోకు కొత్త అద్దం.
3. మియాపూర్‌లో ఆమె చెల్లెలు రోహిణికి చీర.
4. పాటల నోటుబుక్కు కంప్యూటర్‌లోకి ఎక్కించి బాలానగర్ ప్రెస్సుకు ఇవ్వాలి. యాభై పుస్తకాలు.
5. ముందుమాట.

మొదటి మూడూ అయిపోయాయి. అయిన ప్రతి పని మీదా ఎర్ర పెన్నుతో ఏటవాలుగా ఒక గీత, పక్కన పొట్టి సంతకం, తేదీ. కూతురు భార్గవి చూసి నవ్వింది.

"రిటైరై ఎనిమిదేళ్లాయె నాయనా. ఇంకా చీరకు కూడా మార్కులేస్తాండావే!"

ముప్పై నాలుగేళ్ల అలవాటు అది. జమ్మలమడుగు వైపు ఊళ్లలో తెలుగు చెప్పినన్నాళ్లూ, చదివిన ప్రతి పేజీకీ ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రగీత కొట్టేవాడు. నేను చూశాను అని దానర్థం. వాళ్ల వంశంలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాడు. పుస్తకమంటే ఆయనకు దేవుడి పటంతో సమానం. ఏడో తరగతితో బడి మానేసిన ఆయన భార్య పద్మావతి పొయ్యి ముందు కూర్చుని పాటలు కట్టేది. నోటుబుక్కులో రాసి, బడిపిల్లల పుస్తకాల దొంతరలో అడుగున పెట్టేది. ఆయన వాటినీ దిద్దేవాడు. కసువు, దుత్త, బువ్వ లాంటి ఆమె ఇంటి మాటలకు సున్నా చుట్టి "ఇవి పాటలో పనికిరావు" అని రాసేవాడు. చివర ఎర్రగీత, సంతకం. బాగుందని ఒక్కనాడూ రాయలేదు. మెచ్చుకుంటే పిల్లలు చెడిపోతారని ఆ రోజుల్లో పంతుళ్ల నమ్మకం. భార్యను కూడా ఆ జాబితాలోనే వేశాడు.

ఆమె పోయాక, నార్సింగిలో కూతురి ఇంట్లో, పద్నాలుగో అంతస్తులో కూర్చుని ఆ నోటుబుక్కు మళ్లీ తెరిచాడు. అరవై ఒక్క పాటలు. నాలుగు చదివేసరికి కళ్లు మసకబారాయి. బాగున్నాయి. ఇన్నేళ్లూ బాగానే ఉన్నాయి. మిగతావి అచ్చులో చదువుకుందామని మూసేశాడు.

"ఫోన్‌లో ఫోటోలు తీసేస్తా నాయనా," అంది భార్గవి.

"వంకరటింకరగా వస్తాయి. మీ ఆఫీసులో మిషన్ ఉందంటివే, దాంట్లో పెట్టుకోని రా. శుభ్రంగా ఉండల్ల మీ అమ్మ పుస్తకం."

మంగళవారం ఆమె నోటుబుక్కు పిన్నులు విప్పి, విడి కాగితాలుగా ఆఫీసుకు పట్టుకెళ్లింది. స్కానర్ మీద పెట్టిందో లేదో మీటింగుకు పిలుపొచ్చింది. గంట తర్వాత తిరిగొచ్చి చూస్తే మిషన్ మీద ఏమీ లేదు. ఎవరిని అడిగినా తెలియదన్నారు; ఊడ్చే ఆమె అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు పెద్దన్న సారే ఆ ఆఫీసుకు వెళ్లాడు. మెడలో విజిటర్ కార్డు వేసి కింద సోఫాలో కూర్చోబెట్టారు. ఆ అంతస్తు ఊడ్చే సక్కుబాయిని భార్గవి పిలుచుకొచ్చింది. కూర్చోమన్నా ఆమె కూర్చోలేదు.

"ఎర్రగీత కొట్టిన కాగితాలు రద్దయినయని చెప్పిండ్రు సార్. యాడ కనవడ్డా తాళమేసిన డబ్బల ఎయ్యాలె. రోజూ సాయంత్రం మిషన్ల ముక్కలు జేస్తరు, నిన్న గూడ జేసిండ్రు. నాకు సదువు రాదు. గీత జూసిన, ఏసిన. గంతే." లేని చీపురును పట్టుకున్నట్టు ఆమె పిడికిళ్లు బిగుసుకున్నాయి. "జర నా నౌకరి మీదికి తేకుండ్రి సార్."

"ఒక్క కాగితమైనా గీత లేకుండా ఉండెనా అమ్మా?"

"లేదు సార్. అన్నిటికీ ఉన్నది. ఎవ్వలో మంచిగ, కుదురుగ కొట్టిండ్రు."

ఆయన తన కుడిచెయ్యి వంక చూసుకున్నాడు. "నీ తప్పేం లేదమ్మా. కొట్టింది నేనే."

ఇంటికొచ్చి రోహిణికి ఫోన్ చేశాడు. "మీ అక్క పాటలు ఒకటన్నా వచ్చునా నీకు?"

"మా ముందర ఎప్పుడు పాడింది బావా? 'మీ బావ బాగుందని రాసినాక పాడతాలే' అనేది."

ఫోన్ పెట్టేశాక, ఒక్క పాటైనా గుర్తుచేసుకుని రాద్దామని కాగితం తీసుకుని కూర్చున్నాడు. మూడు రోజులు కూర్చున్నాడు. భార్గవి కంచం తెచ్చిపెట్టేది, తీసుకుపోయేది. కళ్లు మూసుకుంటే పేజీ కనబడేది, పేజీలో గీత కనబడేది, గీత కింద ఏమీ కనబడేది కాదు. చివరికి కాగితం మీద మిగిలినవి తాను సున్నా చుట్టిన మాటలే. కసువు. దుత్త. బువ్వ. వాటికి అటూ ఇటూ ఆమె ఏం రాసిందో ఒక్క చరణం కూడా రాలేదు.

నాలుగో పని మీద గీత కొట్టలేదు. అయిదోది మాత్రం రాశాడు. యాభై కాగితాలు అచ్చువేయించి, సంవత్సరీకం నాడు భోజనాలకు వచ్చినవాళ్ల చేతుల్లో పెట్టాడు. దేని మీదా సంతకం లేదు. అందులో ఇంతే ఉంది:

"ఇది పుస్తకం కావలసింది. ముందుమాట ఒక్కటే మిగిలింది. ఆ పాటలు చదివినవాణ్ని నేనొక్కణ్నే. తప్పులు తప్ప ఏమీ గుర్తుపెట్టుకోలేదు. రాసినామె పేరు పద్మావతి. అరవై ఒక్క పాటలు కట్టింది. బాగా రాసింది. ఆ మాట ఆమెకు చెప్పలేదు. పాటలు అడగకండి, నా దగ్గర లేవు. ఎక్కడైనా, ఎవరి నోటనైనా బువ్వ అనే మాట వినబడితే, ఆమెను ఒక్కసారి తలుచుకోండి."